రెండూ ఎర్రగడ్డలోనే

టీబీ మందుల కోర్సు అయిపోయి ఏడాది దాటింది. ఇప్పటికి దీని గురించి రాయగలుగుతున్నాను.

2022 చివర్లో నాకు ఎండీఆర్ టీబీ అని తేలింది. మామూలు టీబీ మందులకు లొంగని రకం. తెమడ పరీక్షలు, ఎక్స్‌రేలు, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో కొన్ని రోజులు, తర్వాత ఇంటికి దగ్గర్లోని దవాఖానాలో మాత్రలు. నన్ను 18 నెలల పైన వాడాలన్నారు. మందులు ఉచితం, తిండికని నెలకు 500 రూపాయలు ఖాతాలో పడేవి. క్లోఫజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుందని, లైనిజోలిడ్‌తో కాళ్లు తిమ్మిరెక్కుతాయని ఆ దవాఖానాలో చెప్పారు. వాటితో పాటే ఇచ్చిన సైక్లోసెరిన్ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

మూడో నెలకు నిద్ర పట్టడం మానేసింది. ఊరికే ఏడుపు వచ్చేది. గోడ అవతల పక్కింటివాళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. అక్కడి డాక్టరుకు చెబితే తలెత్తకుండానే, "టీబీ మాత్రలకు ఎక్కడైనా పిచ్చి పడుతుందా అమ్మా? ఇంట్లో టెన్షన్లు తగ్గించుకో" అన్నారు. నా మనసే బలహీనమనుకుని ఇంకో రెండు వారాలు అవే మాత్రలు మింగాను.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు మా నాయన గొంతు వినిపించింది. ఆయన పోయి ఆరేళ్లు. "బిడ్డా, పిల్లగాన్ని తీస్కొని వచ్చెయ్, ఈడుంటే వానికి గూడ అంటుతది" అని, వాకిట్లో నిలబడి పిలిచినట్టే. నిద్రపోతున్న నా నాలుగేళ్ల కొడుకును ఎత్తుకుని గొళ్లెం తీయబోయాను. అత్తమ్మ లేచింది. నాతో వాదించలేదు. తలుపుకు వీపు ఆనించి కింద కూచుని, "మీ నాయనను పొద్దుగాల రమ్మను. చీకట్ల పిల్లగాడు బెదురుతడు" అంది. తెల్లారేదాకా అక్కడి నుంచి కదల్లేదు. టీబీ అని తెలిసిన రోజు నా కంచం, గ్లాసు వేరు పెట్టింది కూడా ఆమే. ఆ కోపం నాలో ఇంకా ఉంది. కానీ ఆ రాత్రి ఆమె లేవకపోతే నేనూ, నా కొడుకూ ఏమైపోయేవాళ్లమో.

పొద్దున్నే మా ఆయన టీబీ సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే, వెంటనే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లమన్నాడు. "ఎర్రగడ్డకా? నలుగురికి తెలిస్తే పరువేం గావాలె?" అంది మా ఆడబిడ్డ. ఛాతీ ఆసుపత్రి ఉన్నదీ ఎర్రగడ్డలోనే. దగ్గుతో పోయినప్పుడు ఆ పేరు ఎవరికీ అడ్డు రాలేదు.

మానసిక వైద్యశాలలో డాక్టరు మేడమ్ మొదట నా టీబీ మాత్రలన్నీ టేబుల్ మీద పెట్టించారు. సైక్లోసెరిన్ వల్ల కొందరికి ఇలా గొంతులు వినిపిస్తాయని, చచ్చిపోవాలని కూడా అనిపిస్తుందని, ఇందులో నా తప్పేమీ లేదని చెప్పారు. ఆ మాటకు వెక్కి వెక్కి ఏడ్చాను. డిప్రెషన్‌కు మామూలుగా రాసే కొన్ని మాత్రలు లైనిజోలిడ్‌తో పడవట. బెడాక్విలిన్ అనే టీబీ మందు వాడేవాళ్లకు గుండె లయ కూడా చూసుకోవాలట. అందుకే ఈసీజీ తీయించి, టీబీ డాక్టర్లతో మాట్లాడాకే చిన్న మోతాదు మాత్ర రాశారు. వాళ్లు సైక్లోసెరిన్ ఆపి మందులు మార్చారు. పది రోజుల్లో గొంతులు పోయాయి. ఒంటరిగా పడుకునే ధైర్యం రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈ మందులు మొదలుపెట్టబోయేవాళ్లు, ఇదివరకు డిప్రెషన్ గానీ ఫిట్స్ గానీ ఉంటే ముందే చెప్పండి. నిద్ర పట్టకపోయినా, లేని మాటలు వినిపించినా ఆ రోజే చెప్పండి. ఒక డాక్టరు కొట్టిపారేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మీ అంతట మీరు టీబీ మందులన్నీ ఆపేయకండి. అర్ధరాత్రయితే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

కోర్సు అయ్యాక అత్తమ్మ మొక్కు ప్రకారం కొమురవెల్లి మల్లన్నకు బోనం చేశాం. బోనం కుండ నా నెత్తి మీద ఆమే పెట్టింది. కంచం సంగతి ఆ రోజు అడుగుదామనుకున్నాను. అడగలేదు.