ఓకే అన్న రెండక్షరాల వెనుక

నిన్న రాత్రి నేను పంపిన పెద్ద సందేశానికి మిత్రుడి నుంచి ‘ఓకే’ అన్న ఒక్క మాటే జవాబుగా వచ్చినప్పుడు, అది అంగీకారమో విసుగో తేల్చుకోలేక చాలాసేపు ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయాను. ఆ మాట పుట్టుక గురించి చదివాక దానిపై మమకారం పెరిగింది. 1839 మార్చి 23న అమెరికాలోని బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో, ‘ఆల్ కరెక్ట్’ను కావాలనే అక్షరదోషాలతో ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect)గా మార్చి, పొడి అక్షరాలకు కుదించిన సరదా ప్రయోగమది. అప్పటి వాడుకలోని అలాంటి కుదింపులు చాలావరకు మరుగునపడ్డాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లో, ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే ముద్దుపేరున్న అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ అనుచరులు ఇవే అక్షరాలను నినాదంగా పట్టుకున్నారు; ఆయన ఓడినా మాట మాత్రం జనం నోట నిలిచిపోయింది. పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే, ‘అంతా సరిగ్గానే ఉంది’ అనే అర్థంలోనే రాశానన్నాడు మిత్రుడు.