టైట్ చేస్తే పోయే చప్పుడు కాదది

నా బండి వీధి మలుపు తిరగకముందే ఇంట్లోవాళ్ళు గేటు తీసేవాళ్ళు. హారన్ కొట్టక్కర్లేదు, చైన్ చప్పుడే చాలు. 18 ఏళ్ళ బండి, ఈ వయసులో కీళ్ళ నొప్పులు మామూలేలే అనుకుని ఏడాది పాటు నిమ్మకు నీరెత్తినట్టు తిరిగాను.

మూడో గేర్లో నెమ్మదిగా పోతూ ఎక్సలరేటర్ వదిలితే గరగర, మళ్ళీ తిప్పితే వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ఒక కుదుపు, గతుకులో పడితే చైన్ కవర్ లోపల స్పానర్‌తో కొట్టినట్టు టకటక. అందరూ చేసే పనే నేనూ చేశాను, టైట్ చేశాను. పది రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్ళీ మొదలు. మళ్ళీ బిగించాను, ఈసారి ఇంకాస్త గట్టిగా. దాంతో టకటక పోయింది కానీ 40 దాటాక సన్నగా ఒక ఏడుపు లాంటి కూత వచ్చిపడింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం పొద్దున్నే బండిని సెంటర్ స్టాండ్ వేసి చైన్ కవర్ ఊడదీశాను. ఈ నిండు కవర్ ఉన్న పాత బండ్లతో వచ్చిన చిక్కే ఇది: దుమ్ము పడకుండా కాపాడుతుంది, మనం చూడకుండానూ కాపాడుతుంది. లోపల నల్లటి ముద్ద. గ్రీజు, ఇసుక, ఇనుప పొడి కలిసి గట్టిపడిపోయింది. బయట గ్రీజు పూస్తే చైన్‌కి మంచిదని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. గ్రీజు పిన్నుల లోపలికి దిగదు, పైనే కూర్చుని దుమ్ము పట్టుకుంటుంది, అంతే.

కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి చూస్తే 45 మిల్లీమీటర్లు ఆడింది. మరీ లూజు. చక్రం కాస్త తిప్పి మళ్ళీ చూశాను, ఈసారి 15. అదే చైన్, అదే చక్రం, నట్టు ముట్టుకోలేదు. మళ్ళీ తిప్పితే మళ్ళీ 40 పైన. అక్కడ అర్థమైంది నేను ఇన్నాళ్ళూ చేసిన వెధవ పని. చక్రం ఎక్కడ ఆగితే అక్కడే చూసి బిగించేవాణ్ణి. చైన్ అంతటా ఒకేలా అరగదు, కొంత భాగం ఎక్కువ అరుగుతుంది, కొంత తక్కువ. లూజుగా ఉన్న చోట చూసి 25కి బిగిస్తే, తక్కువ అరిగిన భాగం వచ్చేసరికి చైన్ తీగలా బిగుసుకుపోతుంది. పైగా మనం ఎక్కి కూర్చుంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ కదిలి, ఉన్న లూజు ఇంకా తగ్గుతుంది. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ బేరింగ్ మీదా, వెనక చక్రం బేరింగ్ మీదా పడుతుంది. ఆ కూత అదే. చైన్ మిగుల్చుకుందామని బేరింగ్ పోగొట్టుకోబోయాను. అందుకే చక్రం పూర్తిగా మూడు చుట్లు తిప్పి, ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడే లూజు కొలిచి సెట్ చెయ్యాలి. మామూలు రోజువారీ బండికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఎంత రాశారో, ఏ స్టాండ్ మీద చూడమన్నారో అదే ఫైనల్.

టక్ మనే చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది, నాకు చాలా నచ్చింది. టైరు మీద ఒక సుద్ద గీత, చైన్ మీద ఒక సుద్ద గీత పెట్టండి. చేత్తో చక్రం తిప్పుతూ వినండి. చక్రం ఒక చుట్టుకి ఒక టక్ వస్తే వెనక స్ప్రాకెట్టో (చైన్ ఎక్కి తిరిగే పళ్ళ బిళ్ళ), చక్రమో. చుట్టుకి మూడుసార్లు వస్తే ముందు స్ప్రాకెట్, ఎందుకంటే నా బండికి ముందు 14 పళ్ళు, వెనక 42. చక్రం రెండున్నర చుట్లు దాటాక ఒకసారి వస్తే చైన్‌లోనే ఎక్కడో ఒక లింకు పట్టేసినట్టు. నాది మూడో రకం. సుద్ద గీతకి నాలుగు లింకుల అవతల ఒకటి వంగిన మోకాలులా అలాగే బిగుసుకుని ఉంది, స్ప్రాకెట్ దాటి వచ్చాక కూడా నిటారుగా అవ్వట్లేదు.

ఆ లింకుకి నూనె పట్టించి ఆడిస్తే సరిపోతుందేమోనని ఆశ. కానీ ముందు కొలుద్దామనుకున్నాను. మనం చైన్ సాగిందంటాం కానీ ఇనప పలకలు సాగవు. అరిగేది లోపలి పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ. 1880లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్న బుష్ రోలర్ చైన్ ఇది, ఇప్పటికీ అదే పిన్ను, అదే బుష్, అదే రోలర్. ఒక్కో కీలు దగ్గర పావు మిల్లీమీటర్ అరిగితే కంటికి కనబడదు. 112 లింకుల చైన్‌లో అది 28 మిల్లీమీటర్లు, అంగుళం పైనే. కొలవడం కష్టం కాదు: కింది వరసని బిగువుగా లాగి పట్టుకుని ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెట్టి 21వ పిన్ను మధ్య వరకు స్కేలు పెట్టాలి. అంటే 20 లింకులు. నాది 428 సైజు చైన్, ఒక్కో లింకు 12.7 మిల్లీమీటర్లు, కాబట్టి కొత్తది 254 ఉండాలి. 2 శాతం పెరిగి 259 అయితే మార్చెయ్యాలి. నాది 260. లోపలి గ్రీజు పోకుండా కీళ్ళ దగ్గర ఓ-రింగులనే రబ్బరు చుట్లు ఉన్న చైన్ అయితే అంతదాకా కూడా ఆగకూడదు, 1 శాతానికే మార్చమంటారు.

ఇంత పెరిగాక చైన్ పళ్ళ మధ్య అడుగున కూర్చోదు, పళ్ళ కొసల వైపు ఎగబాకుతుంది. వెనక స్ప్రాకెట్‌కి సరిగ్గా వెనక వైపున లింకుని పట్టుకుని బయటికి లాగితే సగం పన్ను కనబడింది. పళ్ళు కూడా ఒక వైపుకి కొక్కేల్లా వంగి ఉన్నాయి. ముందుది ఇంకా ఘోరం, పాపం అది వెనక దానికన్నా మూడు రెట్లు ఎక్కువ తిరుగుతుంది కదా. గరగర ఇక్కడి నుంచే. లూజు సరిచేస్తే టకటక తగ్గుతుందేమో కానీ పళ్ళకీ లింకులకీ కొలతే కుదరనప్పుడు ఎంత బిగించినా గరగర పోదు.

చైన్ ఒక్కటే మార్చి స్ప్రాకెట్లు ఉంచేద్దామా అని ఒక క్షణం అనిపించింది. కొక్కేల పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా అరుగుతుంది. మూడూ కలిపే సెట్ కొన్నాను. 420 చైన్‌కీ 428కీ లింకు పొడవు ఒకటే కానీ వెడల్పు వేరు, అది చూసుకుని తీసుకోండి.

కొత్త చైన్‌ని పాతదాని పక్కన నేల మీద పరిచి చూస్తే ఒక వింత. కొత్తది 112 లింకులు, పాతది 110. రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, చాలాకాలం కిందట, చక్రాన్ని వెనక్కి జరిపి చైన్ బిగించే అడ్జస్టర్ చివరికి వచ్చేసిందని ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అరగంటలో "సెట్ చేసేశానన్నా, ఇంకో రెండేళ్ళు చూడక్కర్లేదు" అన్నాడు. రెండు లింకులు కోసేసి చక్రాన్ని ముందుకి జరిపాడన్నమాట. చైన్ పొట్టిదైంది కానీ మిగిలిన ప్రతి లింకూ అరిగినంతా అరిగే ఉంది. అడ్జస్టర్ గీతలు మాత్రం చైన్‌కి ఇంకా ఆయుష్షు ఉందని నాకు అబద్ధం చెబుతూ వచ్చాయి. అతనికి తెలీక చేశాడని అనుకోను. మార్చమంటే నేను ఒప్పుకోనని అనుకుని ఉంటాడు, అదీ నిజమే అయ్యుండొచ్చు.

మార్చే పనిలో ఒక్కటి ముందే చెప్పాలి. ముందు స్ప్రాకెట్ బోల్టులు పాత చైన్ ఉండగానే, వెనక బ్రేక్ ఎవరితోనైనా తొక్కించి లూజు చేసుకోండి. నేను హుషారుగా చైన్ తీసేశాను, ఆ తర్వాత బోల్టు తిప్పితే షాఫ్ట్ కూడా తిరుగుతోంది. మళ్ళీ చైన్ ఎక్కించి, విప్పి, మళ్ళీ తీశాను. చైన్ రెండు కొసల్ని కలిపే లాక్ క్లిప్‌కి మూసుకుని ఉన్న వైపు చైన్ పరిగెత్తే దిశకి ఉండాలి, అంటే పై వరసలో ఇంజిన్ వైపు. తిరగేసి పెడితే ఏదో ఒకటి తగిలి ఊడొచ్చే ప్రమాదముంది.

చక్రం తీశాను కదా అని హబ్ లోపల కుదుపుని మింగే రబ్బర్లు కూడా చూశాను. గట్టిపడి, అంచులు చితికి, స్ప్రాకెట్ దాని గూట్లో అటూ ఇటూ ఊగుతోంది. నేను ఏడాదిగా చైన్ మీద వేసిన ఆ కుదుపు నేరంలో సగం వీటిదే. అవీ మార్చాను.

చక్రం బిగించేటప్పుడు స్వింగ్ ఆర్మ్ మీది గీతల్ని పూర్తిగా నమ్మలేదు, స్వింగ్ ఆర్మ్ బోల్టు నుంచి యాక్సిల్ దాకా రెండు వైపులా టేపుతో కొలిచాను. 3 మిల్లీమీటర్లు తేడా వచ్చింది, సరిచేశాను. చక్రం జరిగితే డ్రమ్ బ్రేక్ రాడ్ లెక్క కూడా మారుతుంది, అది మర్చిపోతే బ్రేక్ పట్టేసైనా ఉంటుంది, పట్టకుండానైనా ఉంటుంది.

ఇప్పుడు 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే అంతకన్నా ముందే, కిరోసిన్ గుడ్డతో తుడిచి 90 గ్రేడ్ గేర్ ఆయిల్ వేస్తున్నాను. బండి తిరిగొచ్చిన వెంటనే, చైన్ వెచ్చగా ఉండగా, కింది వరస లోపలి వైపున, చక్రం చేత్తో తిప్పుతూ. ఇంజిన్ ఆన్ చేసి గేర్లో వేసి గుడ్డ పెట్టి తుడిచేవాళ్ళని చూశాను, దయచేసి వద్దు, గుడ్డతో పాటు వేళ్ళు కూడా స్ప్రాకెట్‌లోకి పోతాయి.

మార్చిన రోజు సాయంత్రం ఒక రౌండ్ వేసి వచ్చి గేటు ముందు ఆగాను. ఎవరూ రాలేదు. హారన్ కొడదామని నొక్కితే అది పనిచెయ్యట్లేదు. ఎన్నాళ్ళయిందో దాన్ని వాడి.