ఆఫీసులో 26 కంప్యూటర్లు, విండోస్ 10 గడువు: నా అనుభవం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ (అంటే ఉచిత భద్రతా అప్‌డేట్లు) ఆగిపోతుందని ముందే తెలుసు. అయినా ఆఫీసులో ఆ మాట ఎత్తేసరికి ఆరు నెలలే మిగిలాయి. కంప్యూటర్లు చూసుకునే పని నాది. మేనేజర్ గారు అడిగింది ఒక్కటే: "విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేద్దామా, లినక్స్‌కి మారదామా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి." లినక్స్ అంటే విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఆ ఒక్క జవాబు కోసం రెండు వారాలు తలబద్దలు కొట్టుకున్నాను. చివరికి ఏ సీట్లో ఏ పని జరుగుతోందో రాసుకున్నాకే దారి కనిపించింది.

ప్రతి సీటు దగ్గరా కూర్చుని ప్రాసెసర్, వాడే ప్రోగ్రాములు, ప్రింటర్, స్కానర్ అన్నీ ఒక షీట్‌లో ఎక్కించాను. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ చాలు, అవి అన్నింటికీ ఉన్నాయి. అడ్డం పడేవి టీపీఎం 2.0 (భద్రతా కీలు దాచే చిప్), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు), ప్రాసెసర్ తరం. ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. 26లో 11 పాసయ్యాయి. మిగిలిన 15కి కొత్తవి కొనాలని అప్పుడే లెక్కలు మొదలయ్యాయి. కాస్త ఆగమన్నాను. చూస్తే వాటిలో ఆరింటికి టీపీఎం ఉంది, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) ఆఫ్ చేసి ఉందంతే! ఇది చూడకుండా పాత సామానులో వేసేసేవాళ్లు ఎంతమందో అనిపించింది.

ఆ ఆరింటిలో రెండు పాత లెగసీ పద్ధతిలో బూట్ అవుతున్నాయి. సెక్యూర్ బూట్‌కి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కావాలి. కానీ బయోస్‌లో నేరుగా దానికి మారిస్తే విండోస్ లేవదు. ముందు డిస్క్ విభజన పద్ధతిని పాత ఎంబీఆర్ నుంచి కొత్త జీపీటీకి మార్చాలి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. బ్యాకప్ తీసుకుని చేశాను, రెండూ బాగానే లేచాయి.

నాకు నిజంగా చెమటలు పట్టింది పాసైన కంప్యూటర్ దగ్గరే. బయోస్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. అది అకౌంట్స్ మేడమ్ కంప్యూటర్, పైగా నెలాఖరు. పాత అడ్మిన్ ఖాతాలో కీ దొరికేదాకా గంటన్నర టెన్షన్. ఆ రోజు నుంచి ముందు అన్ని కీలూ రాసి భద్రపరచడం, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయడం, తర్వాతే బయోస్‌ని ముట్టుకోవడం. మీరూ దయచేసి ఇదే వరుసలో చేయండి.

అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే వీలు మామూలుగా 10 రోజులే ఉంటుంది. అందుకే ఒకేసారి అన్నీ చేయకుండా వారానికి నాలుగు చొప్పున చేసి, ప్రతివాళ్లతోనూ ఆ 10 రోజుల్లోపే బిల్లు ప్రింట్ తీయించాను, స్కాన్ చేయించాను.

ఇక మిగిలిన తొమ్మిది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చిన్న మార్పు చేస్తే వీటిలోనూ విండోస్ 11 ఎక్కుతుందని ఒక సహోద్యోగి అన్నాడు. ఎక్కుతుంది, నిజమే. కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు అందుతాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే ఇంత శ్రమ పడుతూ ఆ పని చేయడానికి నాకు మనసొప్పలేదు. బ్రౌజర్, మెయిల్ తప్ప ఏమీ వాడని ఐదు సీట్లకు ఉబుంటు అనే లినక్స్‌లో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు అందే వెర్షన్) వేశాను, దానికి ఐదేళ్ల అప్‌డేట్లు ఉచితం. వాళ్లు రెండు రోజుల్లో అలవాటు పడ్డారు. అకౌంట్స్‌లో పాత కంప్యూటర్ మీద కూడా లినక్స్ ప్రయత్నించాను. ఎక్సెల్ మాక్రోలు (పనుల్ని వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో సగం పనిచేయలేదు. లినక్స్ మీద నాకెంత ఇష్టమున్నా అక్కడ పట్టుబట్టలేదు.

దానితో కలిపి మూడు సీట్లకు డబ్బు కట్టి పొడిగింపు అప్‌డేట్లు, అంటే ఈఎస్‌యూ తీసుకున్నాం. కంపెనీలకు దీని ధర ఏటా రెట్టింపవుతుంది. మొదటి ఏడాది మానేసి రెండో ఏడాది చేరినా, మొదటిదీ కట్టాల్సిందే. అందుకే ఒక్క ఏడాదికే తీసుకుని, 2026 అక్టోబర్ 13లోపు ఆ మూడూ మార్చాలని రాయించి మేనేజర్ గారి సంతకం తీసుకున్నాను.

చివరిది లేబుల్ ప్రింటర్ తగిలించిన కంప్యూటర్. దాని డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) 32 బిట్‌దే, విండోస్ 11 ఏమో 64 బిట్ మాత్రమే. తయారీదారు కొత్త డ్రైవర్ ఇవ్వలేదు. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, "నెట్ కలపవద్దు" అని మీద కాగితం అంటించాను. లేబుళ్లు మాత్రం రోజూ వస్తున్నాయి.