బుంబిరేలో పోయిన తెడ్లు

మొన్న కొత్తపట్నం ఒడ్డున ఒక పెద్దాయన, చీలిన తెడ్డుకు నైలాన్ తాడు బిగించి చుడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంజను ఉన్న పడవకు ఇదెందుకని అడిగితే, "తెడ్డు లేకపోతే పడవ ఉండీ లేనట్టే సారూ" అన్నాడు. నాకు పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికాలో యాత్రలు చేసిన హెన్రీ మోర్టన్ స్టాన్లీ గుర్తుకొచ్చాడు.

ఒంగోలులో చదువుకునే రోజుల్లో ఆయన మాకు వీరుడు. 1871లో టాంగన్యికా సరస్సు ఒడ్డున ఉజీజీలో అన్వేషకుడు లివింగ్‌స్టన్‌ను కలిసి, "డాక్టర్ లివింగ్‌స్టన్ గారే అనుకుంటాను" అని పలికాడని చెప్పే పలకరింపును మా మాస్టారు అభినయించి మరీ చూపించేవారు. ఆ కలయికను రాసుకున్న డైరీ పుటలను స్టాన్లీయే చించేశాడని చాలా ఏళ్ల తరువాత గానీ తెలియలేదు.

నా అభిప్రాయం మారింది మాత్రం బుంబిరే దగ్గర. 1875 ఏప్రిల్‌లో విక్టోరియా సరస్సులోని ఆ దీవికి స్టాన్లీ తిండి కోసం వెళితే, అక్కడివారు పడవను ఒడ్డుకు లాగి తెడ్లు తీసుకున్నారు. స్టాన్లీ మనుషులు పడవను నీళ్లలోకి తోసి, అడుగు పలకలు పీకి వాటితోనే తెడ్డు వేసుకుంటూ బయటపడ్డారు. ఇంతవరకు ప్రాణభయమే అనుకుందాం. కానీ ఆగస్టులో పెద్ద బలగంతో తిరిగి వచ్చి, బాణాలు అందనంత దూరంలో పడవలు నిలిపి, ఒడ్డున గుమిగూడినవారిపై తుపాకులు పేల్చడాన్ని ఏమనాలి? ఆ సంగతి ఆయనే గొప్పగా రాసి పత్రికలకు పంపగా, ఇంగ్లండులోనే గగ్గోలు పుట్టింది.

వేల్స్‌లోని అనాథల ఆశ్రయంలో పెరిగిన పిల్లవాడు పేరు కోసం తహతహలాడాడనీ, అందుకే తన క్రూరత్వాన్ని తానే పెంచి రాశాడనీ సమర్థించేవారున్నారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయితే 1879 నుంచి ఐదేళ్లపాటు బెల్జియం రాజు లియోపోల్డ్ తరఫున కాంగోలో దారులు వేసి, స్థావరాలు కట్టినది కాగితం మీది అతిశయోక్తి కాదు. లియోపోల్డ్ నడిపిన సంస్థ 1884లో రాయించుకున్న ఒక ఒప్పందంలో, నెలకొక గుడ్డముక్క చొప్పున ఇస్తామని చెప్పి, నాయకులచేత భూమిపై హక్కులన్నీ వదిలింపజేశారు. తరువాత లియోపోల్డ్ పాలనలో రబ్బరు కోసం కాంగోలో జరిగిన ఘోరాలు స్టాన్లీ స్వయంగా చేసినవి కాకపోయినా, ఆయన వేసిన బాట మీదే నడిచాయి.

1904లో మరణించినప్పుడు లండన్‌లో ప్రముఖులను సమాధి చేసే వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చిలో చోటు దక్కలేదు. ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ ఊళ్లో ఉన్న సమాధిపై పెద్ద గ్రానైట్ రాయి నిలిపి, కాంగోలో వచ్చిన "బులా మతారి" అనే పేరు చెక్కారు. రాళ్లు పగలగొట్టేవాడని దాని అర్థం. చీమకుర్తి క్వారీల పక్కన పెరిగినవాణ్ణి కనుక, ఆ పేరు చదివినప్పుడల్లా నాకు సుత్తి పట్టిన కూలీలే కళ్లముందు మెదులుతారు.