శాన్ హోసేలో హోటల్ కింది చైనాటౌన్

కాలిఫోర్నియాలోని శాన్ హోసే డౌన్‌టౌన్‌లో లైట్ రైలు దిగి మార్కెట్ స్ట్రీట్ వైపు నడిచాం. మనవాళ్లు చాలామంది రోజూ ఆఫీసులకు తిరిగే దారే. 1866లో వెలిసిన చైనాటౌన్ ఇక్కడే, ఇప్పటి పెద్ద హోటలున్న చోటే ఉండేది. 1887 మే 4న దాన్ని తగలబెట్టారు. నగరం క్షమాపణ చెప్పింది 2021లో! ఒక ఫలకం తప్ప చూడ్డానికేమీ లేదు, పది నిమిషాలు చాలు.

పురావస్తు తవ్వకాలు 1985–88లో, హోటలూ పక్క భవనాలూ కట్టే సందర్భంలో జరిగాయి. ఇలాంటి చోట ముందు తీసేది పాత అగ్నిబీమా మ్యాపులు. ఏ కొట్టు గోడ ఎక్కడుందో వాటిలో ఉంటుంది. తారు, కాంక్రీటు తీశాక బ్యాక్‌హోకి (మట్టి తవ్వే యంత్రం) పళ్లు లేని బకెట్ తగిలించాలి, పళ్లుంటే కింది పొరను దున్నేస్తుంది. బొగ్గు కలిసిన నల్లమట్టి కనబడగానే యంత్రం ఆపి తాపీలు పట్టాలి. గుండ్రటి నల్ల మచ్చలు తగిలితే అవి చెత్తగుంటలు గానీ మరుగుదొడ్డి గుంటలు గానీ అయ్యుంటాయి. అసలు సరుకంతా వాటిలోనే. ముందు సగమే తవ్వి, నిలువుగా తేలిన పొరల బొమ్మ గీసుకున్నాకే మిగతా సగం ముట్టుకోవాలి. 6 మిల్లీమీటర్ల జల్లెడలో పంది ఎముకలు ఆగుతాయి గానీ చేపముళ్లు జారిపోతాయి, వాటికి 3 మిల్లీమీటర్లది కావాలి. ప్రతి పొర మట్టీ కొంత విడిగా తీసి నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి.

ఎక్కువగా పని చెడేది, దొరికినవాటికి రాసిపెట్టే చీటీల దగ్గర. తడి సంచిలో కాగితం బూజు పడుతుంది, సిరా కారిపోతుంది. గుంట నంబరు, పొర నంబరు పోతే ఎంత మంచి పింగాణీ అయినా వట్టి పెంకే. అందుకే సంచి లోపలొకటి, బయటొకటి. ఇక్కడ కట్టుబడి గడువు తరుముతుండగా తవ్వారు. దొరికినవి నాలుగు వందలకు పైగా పెట్టెల్లో ఏళ్ల తరబడి గోదాంలో పడున్నాయి. 2002లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పురావస్తు నిపుణురాలు బార్బరా వాస్ బృందం దిగాక గానీ వాటి జాబితా పని ఊపందుకోలేదు.

తర్వాత కెల్లీ పార్కుకు వెళ్లండి. అక్కడి ఇంగ్ షింగ్ గుంగ్ 1888 నాటి చైనీయుల గుడికి 1991లో కట్టిన నమూనా. అసలు గుడిని 1949లో కూల్చేశారు.

చైనాటౌన్ తవ్వకంలో దొరికిన కొన్ని గిన్నెల మీద సూదిమొన లాంటి దానితో చుక్కలు చుక్కలుగా కొట్టిన చైనా అక్షరాలున్నాయి. మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకోమూ, అలాగన్నమాట. నేరుగా చూస్తే మెరుపు పూత రాలిన మచ్చల్లాగే ఉంటాయి. టార్చి పక్కవాటుగా పడితేనే అక్షరం లేస్తుంది.