రాజశేఖర్ గారి చలవ: మా లైబ్రరీ కంప్యూటర్‌లోకి ఎక్కిన వైనం

దేవరకొండ వైపు ఒక డిగ్రీ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. కాలేజీలో లెక్చరర్లకు తోటి లెక్చరర్లు ఉంటారు. లైబ్రేరియన్ మాత్రం ఒక్కరే. ఒక పుస్తకానికి ఏ డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి ఇచ్చే వర్గీకరణ సంఖ్య) వేయాలో అనుమానం వస్తే అడగడానికి ఆ బిల్డింగ్ మొత్తంలో ఇంకో మనిషి ఉండరు. మా లైబ్రరీ పని ఎలా గట్టెక్కిందో చెప్పాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి. నేను ముఖం కూడా చూడని టి.బి. రాజశేఖర్ గారిని ఎందుకు తలుచుకుంటానో అప్పుడే తెలుస్తుంది.

న్యాక్ (కాలేజీలను చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) వాళ్లు వస్తున్నారు, లైబ్రరీ ఆటోమేషన్ అయిపోవాలి మేడమ్ అన్నారు ప్రిన్సిపాల్ సార్. సాఫ్ట్‌వేర్‌కు డబ్బులు లేవు. ఉచితంగా దొరికేది, నమ్మదగినది కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్. దాన్ని 1999లో న్యూజిలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్ట్ కోసం తయారు చేశారు. అయితే అది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. లినక్స్ గురించి ఎంఎల్ఐఎస్సీలో (లైబ్రరీ సైన్స్ పీజీలో) చదువుకోవడమే తప్ప చేత్తో ముట్టింది లేదు. చాలా టెన్షన్ పడ్డాను. అప్పుడే ఎల్ఐఎస్-ఫోరం అనే లైబ్రేరియన్ల ఈమెయిల్ గ్రూపుకు మొదటి ప్రశ్న రాశాను.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎన్‌సీఎస్ఐ అనే సైన్స్ సమాచార కేంద్రం ఉండేది. దాన్ని నడిపించినవారు రాజశేఖర్ గారు. 1990లలో మన దగ్గర చాలా కాలేజీలకు ఈమెయిల్ అంటే ఏమిటో కూడా సరిగా తెలియదు. అలాంటి రోజుల్లో దేశంలోని లైబ్రేరియన్లందరినీ ఈమెయిల్ ద్వారా ఒక్కచోట చేర్చింది ఆ కేంద్రం. అదే ఎల్ఐఎస్-ఫోరం. ఒకరు ప్రశ్న రాస్తే అందరికీ చేరుతుంది, తెలిసినవాళ్లు జవాబు ఇస్తారు. పరిశోధకుల వ్యాసాలను అందరూ ఉచితంగా చదువుకునేలా 2000ల మొదట్లో ఐఐఎస్సీలో ఈప్రింట్స్ అనే ఆన్‌లైన్ భాండాగారం పెట్టించిందీ ఆయనే. 2005లో కన్నుమూశారు. నేను చేరేసరికి ఆయన లేరు, కానీ గ్రూపు మాత్రం ఆయన పెట్టిన అలవాట్లతోనే నడుస్తోంది. పెద్ద యూనివర్సిటీ లైబ్రేరియన్ ప్రశ్న అయినా, దేవరకొండ నుంచి నేను అడిగే ప్రశ్న అయినా అక్కడ ఒకే వరసలో కనిపించేవి. ఆ సమానత్వం నాకు ఇచ్చిన ధైర్యం ఇంతా అంతా కాదు.

లినక్స్ ఎక్కించడం అనుకున్నంత కష్టం కాలేదు. కంప్యూటర్ ల్యాబ్ సార్ పక్కన కూర్చుని సాయం చేశారు. అసలు కష్టమంతా డేటా దగ్గర వచ్చింది.

అంతకు ముందు ఎవరో మా యాక్సెషన్ రిజిస్టర్‌ను (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరసగా రాసే పుస్తకాన్ని) ఎక్సెల్‌లో టైపు చేయించి పెట్టారు. అమ్మయ్య అనుకున్నాను. తీరా కోహాలోకి తెస్తే ఇంగ్లిష్ పుస్తకాలన్నీ బాగున్నాయి, తెలుగు పేర్లన్నీ అర్థం లేని గుర్తులయ్యాయి. ఆ టైపింగ్ అంతా అను ఫాంటులో జరిగింది. అందులో తెలుగు అక్షరం పైకి కనిపించే బొమ్మ మాత్రమే, లోపల కంప్యూటర్‌కు తెలిసేది వేరే గుర్తు. కోహాకు యూనికోడ్ కావాలి, అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది.

గ్రూపులో అడిగాను. వరసగా జవాబులు వచ్చాయి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చమన్నారు. వత్తులు, సున్నాలు చెదురుతాయి, రిజిస్టర్ ముందు పెట్టుకుని కంటితో చూసి దిద్దుకోమన్నారు. తర్వాత మార్క్‌ఎడిట్ అనే ప్రోగ్రాంలో ఎక్సెల్ గడులను మార్క్ ఫీల్డులకు (లైబ్రరీ రికార్డులో ఒక్కో వివరానికి ఉండే నంబరు గడులకు) జత చేయాలి: రచయిత 100లోకి, పుస్తకం పేరు 245లోకి, మన దగ్గరున్న కాపీ వివరాలు 952లోకి. ఆ 952లో బ్రాంచి కోడు, ఐటమ్ టైపు సరిగ్గా ఇవ్వకపోతే పుస్తకం పేరైతే వస్తుంది, ఇష్యూ చేయడానికి కాపీ ఉండదు. మొత్తం ఒకేసారి ఎక్కించవద్దని, కొద్ది రికార్డులతో చూసి సరిగా ఉంటేనే ముందుకు పొమ్మని ఒక పెద్దాయన ప్రత్యేకంగా రాశారు. ఆ ఒక్క మాట నాకు ఎంత శ్రమ తప్పించిందో చెప్పలేను.

రిజిస్టర్‌లో వివరాలు అరకొరగా ఉన్న పుస్తకాలకు కోహాలోంచే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగ్‌లో వెతికి రికార్డు తెచ్చుకోవచ్చు. తెలుగు పుస్తకాలు అక్కడ బోలెడు ఉన్నాయి. 1960ల నుంచి వాళ్ల ఢిల్లీ ఆఫీసు మన భాషల పుస్తకాలు సేకరిస్తోంది. కానీ నాకు దొరికిన రికార్డులన్నీ ఇంగ్లిష్ లిపిలో ఉన్నాయి. మా పిల్లలు తెలుగులో టైపు చేసి వెతికితే ఒక్కటీ రాదు. అందుకని డ్యూయీ నంబరు 894.827 కింద ఉన్న తెలుగు సాహిత్యం అంతా మేమే తెలుగు లిపిలో కొట్టాం. బీఏ చదివే ఇద్దరు అమ్మాయిలు క్లాసులయ్యాక వచ్చి కూర్చునేవారు. నిజాం కాలంలో తెలుగు గ్రంథాలయం పెట్టడమే ఒక ఉద్యమమైన నేల మనది. ఇక్కడి పిల్లలు తెలుగు పుస్తకాన్ని తెలుగులో వెతుక్కోలేకపోవడం నాకు ససేమిరా ఒప్పుకోబుద్ధి కాలేదు.

బార్‌కోడ్‌లు అంటించడం, స్టాక్ సరిచూడటం అటెండర్ అన్న, నేను కలిసి చేసుకున్నాం. న్యాక్ వాళ్లు వచ్చారు, చూశారు, వెళ్లారు.

నాకు ఆ గ్రూపులో బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ప్రశ్న అడిగినవాళ్లు పని అయ్యాక వచ్చిన జవాబులన్నీ క్రోడీకరించి, ఏది పనిచేసిందో మళ్లీ అందరికీ రాస్తారు. నేనూ అను ఫాంటు నుంచి కోహా దాకా ప్రతి మెట్టూ రాసి పంపాను. కొన్నాళ్లకు మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. అక్కా, మీ మెయిల్ చూశాను, మా కాలేజీలోనూ ఇదే తిప్పలు అంది. సాయంత్రాలు ఫోన్‌లో మాట్లాడుకుంటూ వాళ్ల తెలుగు పుస్తకాలు కూడా ఎక్కించేశాం. వాళ్ల దగ్గర ఉర్దూ పుస్తకాలు కూడా చాలా ఉన్నాయి. వాటి సంగతి నాకు తెలియదని చెప్పాను. ఆ ప్రశ్న గ్రూపుకు తనే రాసింది.