చవక స్పోర్ట్స్ కారు, ఎయిర్‌బ్యాగ్ రీకాల్

తక్కువ ధరలో స్పోర్ట్స్ కారు కొనదలచినవారు హార్స్‌పవర్ కన్నా ముందు బరువును చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. 1989లో మాజ్డా తెచ్చిన ఎంఎక్స్-5 (నాది అది కాదు) సుమారు వెయ్యి కిలోల బరువుతో, 1.6 లీటర్ల చిన్న ఇంజిన్‌తోనే ఆ సంగతిని నిరూపించింది. నా కారుదీ అదే కోవ; మలుపులో స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాల కింద రోడ్డు ఎలా ఉందో అరచేతులకు తెలిసిపోతుంది.

ఆ కారుకే రీకాల్ వచ్చింది, అంటే లోపమున్న భాగాన్ని మార్చడానికి తయారీదారు కారును వెనక్కి పిలిచాడు. అందుకు కారణమైన భాగం ఆ స్టీరింగ్ మధ్యలోనే ఉంది. ఎయిర్‌బ్యాగ్‌ను నింపే ఇన్‌ఫ్లేటర్‌లోని అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకీ గురై పాడైతే, ప్రమాద సమయంలో ఉండవలసిన దానికన్నా వేగంగా మండి, లోహపు డబ్బాను చీల్చి, ఆ ముక్కలను డ్రైవర్ మీదికే విసరగలదు. కంచే చేను మేయడమంటే ఇదే.

సెకండ్‌హ్యాండ్ కార్ల విషయంలో రీకాల్ ఉత్తరం పాత యజమాని చిరునామాకు వెళ్లడం మామూలే కనుక, 17 అక్షరాలూ అంకెలూ గల ఛాసిస్ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో నేనే సరిచూసుకున్నాను. మరమ్మతు ఉచితం, పనీ చిన్నదే: బ్యాటరీ కనెక్షన్ తీసి, కాసేపు ఆగి, ఎయిర్‌బ్యాగ్ విప్పి కొత్త ఇన్‌ఫ్లేటర్ బిగిస్తారు. కష్టమంతా విడిభాగం కోసం ఎదురుచూడటంలోనే ఉంది. అంతవరకు కారు నడపవచ్చా అని అడిగితే సర్వీస్ సెంటర్‌వారు నీళ్లు నమిలారు. జవాబు రాతపూర్వకంగా ఇమ్మన్నాక తాత్కాలికంగా వేరే కారు ఇచ్చారు. భాగం మార్చినట్లు ఇచ్చిన రసీదును కారు కాగితాలతో భద్రపరిచాను. రేపు అమ్మదలిస్తే కొనేవారు అడుగుతారు, అమ్మే ఉద్దేశం మాత్రం లేదు.